స్పీడ్ గన్ లేని రోజుల్లో ఓవర్‌స్పీడ్ కేసు ఎలా నిలబడేది?

ప్రశ్న: మోటారు కార్లు కొత్తగా వచ్చిన రోజుల్లో స్పీడ్ లిమిట్ ఎంత ఉండేది? రాడార్ లేదు, కెమెరా లేదు, చాలా కార్లకు స్పీడోమీటరే లేదు. మరి ఫలానా కారు లిమిట్ దాటిందని పోలీసులు ఎలా తేల్చేవారు? జరిమానా ఎలా వేసేవారు?

జవాబు: బ్రిటన్‌ను ఉదాహరణగా తీసుకుని చెబుతాను. ఈ గొడవంతా అక్కడ కోర్టుల్లో బాగా నలిగింది. పైగా అక్కడ పుట్టిన రెండు నియమాలు ఇవాళ్టి మన మోటారు వాహనాల చట్టంలోనూ ఉన్నాయి. వాటి సంగతి చివర్లో చెబుతాను.

లిమిట్ పెట్టడానికి చట్టంలో ఒక్క వాక్యం చాలు. బండి ఆ లిమిట్ దాటిందని కోర్టులో రుజువు చెయ్యడమే కష్టం. తొలినాటి వేగ చట్టాల కథంతా ఆ రుజువు కోసం పడ్డ తంటాలే.

మొదటి లిమిట్లు కార్ల కోసం పుట్టినవి కావు. రోడ్ల మీద తిరిగే ఆవిరి ఇంజన్ల కోసం పుట్టాయి. 1861 చట్టం ఊరి బయట గంటకు 10 మైళ్ళు, ఊళ్ళో 5 మైళ్ళు అంది. 1865లో దాన్ని బాగా బిగించి ఊరి బయట 4, ఊళ్ళో 2 మైళ్ళు చేశారు. బండికి ముగ్గురు మనుషులు ఉండాలి, వాళ్ళలో ఒకడు 60 గజాల ముందు ఎర్రజెండా పట్టుకుని నడవాలి. 1878లో ఆ దూరాన్ని 20 గజాలకు తగ్గించి జెండా నిబంధనను సడలించారు గానీ లిమిట్‌ను మాత్రం కదపలేదు. పెట్రోలు కార్లు వచ్చాక వాటినీ ఆవిరి ఇంజన్ల లెక్కలోనే చూశారు.

2 మైళ్ళంటే గంటకు 3.2 కిలోమీటర్లు. మామూలుగా నడిచే మనిషి గంటకు 3 మైళ్ళు నడుస్తాడు. అంటే కారు ఊళ్ళో మనిషి నడకను దాటిందంటే నేరం జరిగినట్టే. ఇక్కడ కొలతతో పనే లేదు. 1896 జనవరిలో కెంట్ జిల్లాలోని ప్యాడక్ వుడ్‌లో వాల్టర్ ఆర్నాల్డ్ అనే ఆయన మీద పడ్డ కేసు సరిగ్గా ఇలాంటిదే. బెంజ్ కార్లు అమ్మే ఆయన అక్కడ గంటకు 8 మైళ్ళ వేగంతో పోతుంటే, ఒక కానిస్టేబుల్ సైకిల్ మీద సుమారు 5 మైళ్ళు వెంటపడి పట్టుకున్నాడు. బండికి ముగ్గురు మనుషులు లేరని, బండి మీద పేరు, చిరునామా రాయలేదని కూడా ఆరోపణలు పెట్టారు. వేగం ఆరోపణ వరకు పడ్డ జరిమానా ఒక షిల్లింగు (పౌండులో ఇరవయ్యో వంతు), కోర్టు ఖర్చులు వేరు. బ్రిటన్‌లో ఓవర్‌స్పీడ్‌కు శిక్ష పడ్డ తొలి కారు డ్రైవరుగా ఆయన పేరే చెబుతారు. ఆ కేసులో 8 మైళ్ళా, 7 మైళ్ళా అని ఎవరూ తగువు పడాల్సిన అవసరం రాలేదు. లిమిట్‌కు మూడు నాలుగు రెట్లు దాటినప్పుడు సైకిలే చాలినంత సాక్ష్యం.

అదే ఏడాది నవంబరు 14 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చి తేలికపాటి బండ్లకు 14 మైళ్ళ దాకా అనుమతించింది. స్థానిక పాలనను చూసే బోర్డు తనకున్న అధికారంతో దాన్ని 12కి దించింది. 12 మైళ్ళు మంచి గుర్రబ్బండి ఉరుకుకు దగ్గరి వేగం కాబట్టి, గుర్రాలు చూసి అలవాటైన కళ్ళకు అదీ కొంతవరకు అంచనాకు అందేది.

చిక్కంతా 1904 జనవరి 1 నుంచి మొదలైంది. 1903 మోటారు కార్ల చట్టం లిమిట్‌ను 20 మైళ్ళకు, అంటే 32 కిలోమీటర్లకు పెంచింది. స్థానిక సంస్థలు కోరితే ఇరుకు ఊళ్ళల్లో 10 మైళ్ళు పెట్టొచ్చు. అలాంటి చోట తెల్లటి వలయం ఉన్న బోర్డు పాతి, దాని కింద అంకె రాసేవారు. రోడ్డు పక్కన నిలబడ్డ మనిషి ఎదురుగా దుమ్ము లేపుకుంటూ వచ్చే కారు 18 మైళ్ళలో ఉందో, 23 మైళ్ళలో ఉందో కంటితో చెప్పలేడు. ఇంజను చప్పుడు, దుమ్ము, బండి ఎత్తు అన్నీ కలిసి ఉన్నదానికంటే వేగంగా పోతున్నట్టు అనిపిస్తాయి. చట్టం రాసినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. అందుకే 9వ సెక్షన్‌లో రెండు రక్షణలు పెట్టారు. ఒకటి: వేగం గురించి ఒక్క సాక్షి అభిప్రాయం ఆధారంగా మాత్రమే ఎవరికీ శిక్ష వెయ్యకూడదు. రెండు: నేరం జరిగినప్పుడే డ్రైవరును ఆపి కేసు పెడతామని హెచ్చరించాలి, లేదంటే 21 రోజులు మించకుండా డ్రైవరుకో, రిజిస్టరులో ఉన్న యజమానికో నోటీసు పంపాలి. అదే చట్టం ప్రతి కారుకూ రిజిస్ట్రేషను, నంబర్ ప్లేటు తప్పనిసరి చేసింది కాబట్టే ఈ రెండో రక్షణ సాధ్యమైంది. ఆర్నాల్డ్ కేసులోలాగా వెంటపడి పట్టుకోవాల్సిన అవసరం తప్పింది.

ఒక్కడి అభిప్రాయం చాలదన్న మొదటి నియమమే పోలీసులను స్టాప్‌వాచ్ వైపు నడిపించింది. వాచ్ చూసి చెప్పేది అభిప్రాయం కాదు, కొలత అనే వాదన కోర్టుల్లో నిలబడింది.

ఇప్పుడు ఈ స్టాప్‌వాచ్ ఉచ్చు ఎలా పన్నేవారో దగ్గరగా చూద్దాం. రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉన్న చోటు చూసుకుని ఒక ఫర్లాంగు కొలిచేవారు. అంటే 220 గజాలు, సుమారు 201 మీటర్లు. మొదలు దగ్గర ఒక కానిస్టేబుల్, చివర మరొకరు కంచె మొక్కల వెనకో, చెట్టు చాటునో ఉండేవారు. కొన్నిచోట్ల బండిని ఆపడానికి ఇంకాస్త ముందుకు మూడోవాడు ఉండేవాడు. కారు మొదటి గీత దాటగానే మొదటివాడు రుమాలు ఊపుతాడు. చివర ఉన్నవాడు అది చూసి వాచ్ మొదలుపెట్టి, కారు తన గీత దాటగానే ఆపుతాడు.

లెక్క చాలా తేలిక. ఫర్లాంగు మైలులో ఎనిమిదో వంతు కాబట్టి, 450ని సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని మైళ్ళో వస్తుంది. 22.5 సెకన్లు పడితే సరిగ్గా 20 మైళ్ళు, 18 సెకన్లైతే 25, 15 సెకన్లైతే 30. కానిస్టేబుల్ నోట్‌బుక్‌లో ఇలాంటి చిన్న పట్టీ రాసి ఉంటే రోడ్డు మీద భాగహారం చెయ్యాల్సిన పని కూడా ఉండదు.

ఇది ఎక్కడ తప్పుతుందో కూడా చెప్పాలి. లిమిట్‌కు దగ్గరగా ఉన్న కేసుల్లో వివాదమంతా అక్కడే.

మొదటిది దూరం. 220 గజాలని రాసుకున్న చోట నిజంగా 210 గజాలే ఉంటే, 19.1 మైళ్ళలో పోయే కారు 22.5 సెకన్లలోనే దాన్ని దాటేస్తుంది. కాగితం మీద అది 20 మైళ్ళ కారే. అందుకే డిఫెన్స్ లాయరు ముందుగా టేపుతోనే మొదలుపెట్టాలి: దూరం దేంతో కొలిచారు, రోడ్డు మధ్యలో కొలిచారా, అంచున కొలిచారా, వంపు ఉన్న చోట ఏ వైపు కొలిచారు. వంపు లోపలి అంచున కొలిస్తే ఒక లెక్క, వెలుపలి అంచున కొలిస్తే ఇంకో లెక్క.

రెండోది వాచ్. అప్పటి మామూలు స్టాప్‌వాచ్ సెకనులో అయిదో వంతు దాకా చూపేది. అంటే 22.4 తర్వాత అంకె 22.6. ఫర్లాంగు మీద ఒక సెకను తేడా వస్తే వేగంలో సుమారు 0.9 మైలు తేడా వస్తుంది. మొదలు దగ్గర ఒకడు, చివర ఒకడు చెరో వాచ్‌తో టైము రాసుకునే పద్ధతి ఇంకా ప్రమాదం. ఉదయం ఆ రెండు వాచీలను కలిపి సరిచూడకపోతే, మధ్యాహ్నానికి వచ్చే తేడా ప్రతి కేసులోనూ చేరుతుంది. డ్యూటీ మొదట్లోనూ, చివర్లోనూ రెండు వాచీలను పక్కపక్కన పెట్టి చూసి రాసుకున్నారా అని అడగడమే దీనికి సరైన ప్రశ్న.

మూడోది మనిషి. దీన్ని చాలామంది పట్టించుకోరు గానీ అన్నింటికంటే ఇదే ముఖ్యం. రుమాలు పద్ధతిలో మొదలు దగ్గర ఇద్దరి ఆలస్యం కలుస్తుంది. గీత దాటడం చూసి రుమాలు ఊపేవాడి ఆలస్యం ఒకటి, రుమాలు చూసి వాచ్ నొక్కేవాడి ఆలస్యం ఇంకొకటి. చివర మాత్రం ఒకడి ఆలస్యమే. ఒక్కో ఆలస్యం 0.3 సెకను అనుకుంటే, వాచ్ 0.6 సెకను ఆలస్యంగా మొదలై 0.3 సెకను ఆలస్యంగా ఆగుతుంది. మొత్తం మీద 0.3 సెకను తక్కువ చూపిస్తుంది. సరిగ్గా 20 మైళ్ళలో పోయే కారు 22.2 సెకన్లలో దాటినట్టు, అంటే దాదాపు 20.3 మైళ్ళలో పోయినట్టు తేలుతుంది. ఎవరూ అబద్ధం చెప్పకుండానే, ఎవరూ పొరపాటు చెయ్యకుండానే నిజాయితీగా లిమిట్‌లో ఉన్న డ్రైవరు నేరస్థుడవుతాడు. పైగా చివర ఉన్నవాడు కారు దగ్గరికొస్తుంటే చూస్తూనే ఉంటాడు. చెయ్యి ఆత్రపడి గీత దాటకముందే వాచ్ నొక్కితే ఆ తప్పూ డ్రైవరు మీదికే వస్తుంది. అంటే ఈ పద్ధతిలో తప్పులు రెండువైపులా సమానంగా పడవు, ఎక్కువగా డ్రైవరుకు వ్యతిరేకంగానే పడతాయి.

దీనికి విరుగుడు దూరం పెంచడమే. 440 గజాలు కొలిస్తే 20 మైళ్ళకు 45 సెకన్లు పడుతుంది, అదే 0.3 సెకను తప్పు సగానికి తగ్గుతుంది. కానీ దూరం పెరిగితే దాక్కోవడం కష్టం, మొదలు నుంచి రుమాలు కనబడటం కష్టం, మధ్యలో ఇంకో బండి అడ్డొచ్చే అవకాశం ఎక్కువ. లిమిట్‌కు అయిదారు మైళ్ళు దాటినవాళ్ళ మీదే కేసు పెట్టి ఉంటే ఫర్లాంగు ఉచ్చు న్యాయంగానే పనిచేసేది. 21, 22 మైళ్ళ కేసులకు అది తగిన సాధనం కాదని నా గట్టి అభిప్రాయం.

ఇక డ్రైవరు వైపు నుంచి చూస్తే, స్పీడోమీటరు లేని కారులో కూచున్నవాడికి తన వేగం తెలుసుకోవడానికి ఉన్న దారి మైలురాళ్ళు. పక్కన కూచున్నవాళ్ళు వాచ్ పట్టుకుని రాయికి, రాయికి మధ్య టైము చూడాలి. 20 మైళ్ళ లిమిట్‌కు మైలుకు 3 నిమిషాలు. 3 నిమిషాలకంటే తక్కువ పట్టిందంటే మధ్యలో ఎక్కడో లిమిట్ దాటినట్టే. కానీ అది మైలంతటి సగటు మాత్రమే. ఎత్తు ఎక్కేటప్పుడు 12 మైళ్ళకు పడిపోయి, పల్లంలో 28కి పోయినా సగటు 20 లోపే రావచ్చు. పోలీసు ఫర్లాంగు మాత్రం ఆ పల్లంలోనే ఉంటుంది. ఒట్టో షుల్జె జర్మనీలో 1902లో పేటెంటు తీసుకున్న అయస్కాంతపు స్పీడోమీటరు తర్వాత్తర్వాత కార్లలో మామూలైంది గానీ, దాని రీడింగ్ చక్రం చుట్టుకొలత మీద ఆధారపడుతుంది. టైరు సైజు మార్చినా, టైరు అరిగినా అంకె తప్పుతుంది. బ్రిటన్‌లో కొత్త కార్లకు స్పీడోమీటరు తప్పనిసరి అయింది 1937 అక్టోబరులోనే. అప్పటిదాకా, తన వేగం చూపే పరికరం లేకుండానే ఆ వేగం దాటకూడదన్న బాధ్యత డ్రైవరు మీద ఉండేది.

జరిమానాల సంగతి. 1903 చట్టం కింద వేగం కేసులో మొదటిసారి 10 పౌండ్ల దాకా, రెండోసారి 20 దాకా, ఆ తర్వాత 50 దాకా వెయ్యొచ్చు. అప్పట్లో ఇంగ్లండు పల్లెల్లో వ్యవసాయ కూలీకి వారానికి ఒక పౌండు కూడా దక్కేది కాదు. కానీ కారున్నవాడు సంపన్నుడు కాబట్టి డబ్బు కంటే లైసెన్సు మీద రాసే ఎండార్స్‌మెంటే ఎక్కువ భయపెట్టేది. అయితే వేగం మాత్రమే నేరమైతే మొదటి రెండుసార్లు లైసెన్సు జోలికి రాకూడదని చట్టమే చెప్పింది. లైసెన్సు ప్రమాదంలో పడేది మూడోసారి నుంచి. ఆ లైసెన్సు తీసుకోవడానికి పరీక్షేమీ లేదు, 5 షిల్లింగులు కడితే చాలు.

ఇక్కడే అసలు అన్యాయం మొదలైంది. ఉచ్చులు పడింది జనం కిక్కిరిసిన బజార్లలో కాదు, ప్రమాదం తక్కువగా ఉండే తిన్నని ఖాళీ రోడ్లలో. లండన్ నుంచి బ్రైటన్ పోయే రోడ్డు, సర్రీ జిల్లా రోడ్లు దీనికి పేరుమోశాయి. కారణం మామూలుదే: ఖాళీ రోడ్డు మీదే ఫర్లాంగు కొలవడం వీలు, అక్కడే కార్లు లిమిట్ దాటేది. కొలవడానికి వీలున్న చోటు, ప్రాణాలకు ముప్పున్న చోటు ఒకటి కాదు. ఆ విషయాన్ని పరిశీలించడానికి ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ కూడా ఈ ఉచ్చులు పట్టణాల్లో ప్రాణాలు కాపాడటానికి కాక, పల్లె రోడ్ల మీద డబ్బు రాబట్టడానికి వాడుతున్నారన్న ఆందోళన వ్యక్తం చేసి, 20 మైళ్ళ లిమిట్ ఎత్తేయమని సిఫారసు చేసింది. ప్రభుత్వం అప్పటికి దాన్ని అమలు చెయ్యలేదు.

కార్లవాళ్ళు ఊరుకోలేదు. 1905లో ఆటోమొబైల్ అసోసియేషన్ పెట్టింది ముఖ్యంగా ఈ ఉచ్చుల గురించి హెచ్చరించడానికే. సైకిళ్ళ మీద మనుషులను తిప్పి, ముందు ఉచ్చు ఉందని సైగ చేయించేవారు. ఇలా సైగ చెయ్యడం నేరమా? కోర్టులు రెండుసార్లు రెండు రకాలుగా చెప్పాయి, రెండింటికీ కారణం ఉంది. 1907 నాటి బాస్టబుల్ వర్సెస్ లిటిల్ తీర్పులో, సైగ అందుకున్న కార్లు అప్పటికే లిమిట్ దాటి పోతున్నాయన్న సాక్ష్యం లేదు కాబట్టి పోలీసు విధికి అడ్డు తగిలినట్టు కాదన్నారు. 1910 నాటి బెట్స్ వర్సెస్ స్టీవెన్స్‌లో, అప్పటికే లిమిట్ దాటి పోతున్న కారును సైగతో నెమ్మది చేయించి, పోలీసులకు సాక్ష్యం దొరక్కుండా చేశారని తేలింది. అది నేరమే అన్నారు.

దాంతో అసోసియేషన్ పద్ధతి తిరగేసింది. మామూలుగా వాళ్ళ మనిషి సభ్యుడి కారు మీది బ్యాడ్జి చూసి సెల్యూట్ చేస్తాడు. సెల్యూట్ చెయ్యలేదంటే కారు ఆపి కారణం అడగమని సభ్యులకు చెప్పారు. సైగ చేసినందుకు కేసు పెట్టగలరు గానీ, సెల్యూట్ చెయ్యనందుకు ఎవరి మీదా కేసు పెట్టలేరు కదా. ఈ ఏర్పాటు దశాబ్దాలపాటు నడిచింది.

అమెరికాలో దారి కొంచెం వేరు. అక్కడ ఎక్కువగా వెంటపడి పట్టుకునేవారు. 1899 మే 20న న్యూయార్క్ లెక్సింగ్టన్ అవెన్యూలో జేకబ్ జర్మన్ అనే ఎలక్ట్రిక్ టాక్సీ డ్రైవరు 12 మైళ్ళలో పోతుంటే సైకిల్ పోలీసు పట్టుకుని ఠాణాకు తీసుకుపోయాడు. అక్కడి లిమిట్ 8 మైళ్ళు, మలుపుల్లో 4. రాష్ట్రవ్యాప్తంగా మోటారు వేగానికి చట్టం చేసిన మొదటి రాష్ట్రం కనెక్టికట్, 1901లో: ఊళ్ళో 12, ఊరి బయట 15 మైళ్ళు. గుర్రం ఎదురైతే నెమ్మది చెయ్యాలి, అది బెదరకుండా ఉండాలంటే అవసరమైతే ఆగిపోవాలి అన్న షరతు కూడా అందులో ఉంది. వెంటపడి కొలిచే పద్ధతిలో బలహీనత వేరు. పోలీసు తన బండికీ, ముందు బండికీ మధ్య దూరం మారకుండా ఉంచాలి. దూరం తగ్గించుకుంటూ పోయేటప్పుడు అతని వేగం ముందు బండి వేగం కంటే ఎక్కువే ఉంటుంది. అందుకే ఈ రకం కేసులో, ఎంత దూరం పాటు సమాన ఎడం ఉంచారు అన్నదే మొదటి ప్రశ్న.

బ్రిటన్‌లో 20 మైళ్ళ లిమిట్ కాగితం మీద 1930 దాకా ఉంది. కార్లు 50, 60 మైళ్ళు సునాయాసంగా పోయే రోజులు వచ్చాక ఎవరూ దాన్ని పాటించలేదు. అందరూ ధిక్కరించే చట్టం చట్టానికే చేటు అన్న వాదనతో 1930 రోడ్డు ట్రాఫిక్ చట్టం మామూలు కార్లకు లిమిట్ పూర్తిగా ఎత్తేసింది. 1934లో అక్కడ రోడ్ల మీద 7,343 మంది చనిపోయారు. 1935 మార్చి 18 నుంచి ఇళ్ళున్న ప్రాంతాల్లో 30 మైళ్ళ లిమిట్ వచ్చింది. ఈసారి లిమిట్ పెట్టింది మనుషులు నడిచే చోట. 1904లోనే ఇలా చేసి ఉండాల్సింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1988 మోటారు వాహనాల చట్టంలో ఓవర్‌స్పీడ్‌కు శిక్ష 183వ సెక్షన్. దాని మూడో ఉపసెక్షన్ చూడండి: వేగం ఎక్కువగా ఉందన్న ఒక్క సాక్షి అభిప్రాయం మీద మాత్రమే శిక్ష వెయ్యకూడదు, ఆ అంచనా యాంత్రిక లేదా ఎలక్ట్రానిక్ పరికరంతో వచ్చిందని చూపిస్తే తప్ప. 'ఎలక్ట్రానిక్' అన్న మాట 2019 సవరణలో చేరింది. మిగతాదంతా 1903 నాటి ఆ నియమానికి వారసత్వమే. నోటీసు నియమం 209వ సెక్షన్‌లో ఉంది. అక్కడి 21 రోజులు ఇక్కడ 14 రోజులైంది. అక్కడికక్కడే హెచ్చరించాలి, లేదా 14 రోజుల్లోగా నేరం ఏమిటో, ఎప్పుడు, ఎక్కడ జరిగిందో రాసి డ్రైవరుకో, ఆర్సీలో ఉన్న యజమానికో నోటీసు పంపాలి, లేదా 28 రోజుల్లోగా సమన్లు అందాలి. పేరు, చిరునామా ఎంత ప్రయత్నించినా దొరకని సందర్భాలకు మినహాయింపు ఉంది. ఆర్సీలో పాత చిరునామా ఉంచుకున్నవాళ్ళు ఈ మినహాయింపును గుర్తుపెట్టుకోవాలి.

2019 సవరణ ప్రకారం కార్లలాంటి తేలికపాటి వాహనాలకు 1,000 నుంచి 2,000 రూపాయలు, మధ్యరకం, భారీ ప్రయాణికుల, సరుకు వాహనాలకు 2,000 నుంచి 4,000. కోర్టుకు పోకుండా కట్టే మొత్తాన్ని 200వ సెక్షన్ కింద రాష్ట్రాలు నిర్ణయిస్తాయి కాబట్టి, చలాన్ మీద కనిపించే అంకె ఆంధ్రలో ఒకటి, తెలంగాణలో ఒకటి ఉండొచ్చు.

కెమెరా చలాన్‌కు 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 167ఏ అనే నియమం చేర్చారు. పరికరానికి ఆమోద పత్రం ఉండాలి, దాన్ని ఏటా రెన్యువల్ చేయించాలి, కెమెరా ఉందని ముందే బోర్డు పెట్టాలి, 15 రోజుల్లోగా నోటీసు పంపాలి అని అందులో రాశారు. అప్పటి టేపు, వాచ్ ప్రశ్నలకు ఇప్పటి రూపం ఇది. ఓవర్‌స్పీడ్ చలాన్‌ను సవాలు చెయ్యాలనుకుంటే లేజర్ గన్ తప్పు చూపిస్తుందని ఊరికే వాదించడం దండగ. ఆ రోజుకు ఆ పరికరం సర్టిఫికెట్ చెల్లుబాటులో ఉందా, ఫోటోలో మీ బండి ఒక్కటే ఉందా, పక్క లేన్‌లో ఇంకో బండి కూడా ఉందా, చలాన్‌లో రాసిన లిమిట్ ఆ రోడ్డుకు, మీ రకం బండికి నోటిఫై చేసిందేనా, నోటీసు ఏ తేదీన బయల్దేరింది అన్న నాలుగూ అడగండి. నోటీసు తేదీ విషయంలో మెసేజ్ మీ ఫోన్‌కు వచ్చిన రోజు స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. తర్వాత వెబ్‌సైట్‌లో కనిపించేది నేరం జరిగిన తేదీయే కావచ్చు, మీకు నోటీసు పంపిన తేదీ కాకపోవచ్చు.